ఏ నూనె అని అడిగాను, నడుం కొలిచారు

ఒడిశాలోని బరంపురంలో పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు చేసి అమ్మడం మా ఇంటి వృత్తి. మా అత్తగారి కాలం నుంచి సాగుతోంది. ఆవకాయకు నువ్వుల నూనె, ఊరమిరపకాయలు వేయించడానికి వేరుశనగ నూనె, ఒడియా ఇళ్ళ నుంచి వచ్చే మామిడి పచ్చడి ఆర్డర్లకు ఆవనూనె, అన్నీ డబ్బాల లెక్కన ఇంట్లో ఉంటాయి. అందుకే 59 ఏళ్ళ వయసులో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలగానే బంధువుల చూపు ముందుగా ఆ డబ్బాల మీద పడింది. "ఇన్నేళ్ళు నూనెలో చేతులు పెట్టిన మనిషి, రాక ఏమవుతుంది" అని మా తోటికోడలి ఇంట్లో అన్నారట. ఆ మాట నన్ను సూదుల కన్నా ఎక్కువ బాధపెట్టింది.

అందులో నిజమెంతో తేల్చుకోవాలన్న పట్టుదలతోనే చికిత్స పొడవునా డాక్టర్లను, డైటీషియన్‌ను, బయోకెమిస్ట్రీ చదివిన మా మేనకోడలిని వదలకుండా అడిగాను. నాకు తెలిసింది రాస్తున్నాను. నాలాగే ముట్లుడిగిన తర్వాత ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ళు గంజాం, గజపతి జిల్లాల్లో, అటు ఇచ్ఛాపురం వైపు నాకు తెలిసినవాళ్ళే ఎందరో ఉన్నారు. వాళ్ళకు నూనె గురించి సలహా చెప్పేవాళ్ళు ప్రతి ఇంటికీ ఉంటారు. నడుం గురించి చెప్పేవాళ్ళు కనిపించలేదు.

జబ్బు బయటపడిన తీరు త్వరగా చెప్పేస్తాను. స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. ఊళ్ళోనే లేడీ డాక్టరుకు చూపించాను, ఆవిడ ఆలస్యం చేయకుండా మామోగ్రామ్, ఆ తర్వాత సూదితో ముక్క తీసే బయాప్సీ చేయించారు. కటక్‌లో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నా మేము విశాఖకే వెళ్ళాం. గాజువాకలో మా చెల్లెలు ఉంది, డాక్టరు చెప్పేది నా భాషలో వినాలని కూడా నాకు గట్టిగా ఉండేది. ఒడియా నాకు బాగానే వచ్చు, దుకాణం అంతా ఒడియాలోనే నడుస్తుంది. అయినా ప్రాణం మీదకు వచ్చినప్పుడు పుట్టిన భాషే కావాలనిపిస్తుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ వరుసగా జరిగాయి. వాటి గురించి ఇప్పటికే ఎంతోమంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు.

నన్ను ఆపింది రిపోర్టులోని ఒక వరుస. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్ అని ఉంది. అంటే నా గడ్డలోని కణాలు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ అందుకుని పెరిగే రకం. ముట్లుడిగి తొమ్మిదేళ్ళు దాటిన దానికి ఇంకా ఈస్ట్రోజెన్ ఎక్కడిది అని డాక్టరుగారిని అడిగాను. ఆయన కలం పక్కన పెట్టి చెప్పారు.

"అమ్మా, అండాశయాలు పని మానేసిన మాట నిజమే. కానీ కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఆండ్రోజెన్లనే హార్మోన్లు తయారు చేస్తూనే ఉంటాయి. మీ ఒంటి కొవ్వులో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది ఆ ఆండ్రోజెన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజెన్‌కు ముఖ్యమైన చోటు కొవ్వే. రొమ్ము కూడా చాలావరకు కొవ్వే కదా."

నాకు రాసిన మాత్ర లెట్రోజోల్, రోజుకు 2.5 మిల్లీగ్రాములు. అది చేసేది ఆ ఆరోమటేజ్‌ను అడ్డుకోవడమే. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు మిగతాదంతా వేరే వెలుగులో కనిపించింది. నేను రోజూ మింగే మాత్ర నా మూకుడులోని నూనె మీద కాదు, నా నడుం చుట్టూ ఉన్న కొవ్వు మీద పనిచేస్తోంది.

కీమో రోజుల్లో నా బరువు పెరిగింది. క్యాన్సర్ అంటే చిక్కిపోతారని అందరూ అనుకుంటారు, రొమ్ము క్యాన్సర్ చికిత్సలో చాలామందికి జరిగేది దీనికి విరుద్ధం. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మందుకు ఆకలి పెరుగుతుంది, నీరసానికి కదలిక తగ్గుతుంది. దానికి తోడు మా వాళ్ళ ప్రేమ. నేతి సున్నుండలు, జీడిపప్పు పాకం, అన్నం మధ్యలో గుంట చేసి పోసిన నెయ్యి. "రక్తం పట్టాలి, తిను" అనేవారు. వాళ్ళ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ మా ఇళ్ళలో జబ్బుపడిన మనిషికి బలం అంటే నెయ్యి అనే లెక్క మారాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. బలానికి కావలసింది పప్పు, గుడ్డు, చేప, పెరుగు. కీమో సాగుతున్నప్పుడు మాత్రం బరువు తగ్గించే ప్రయత్నం వద్దని, ఒంటికి ప్రోటీన్ అందేలా చూసుకోమని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. ఆ పని రేడియేషన్ అయ్యాక మొదలుపెట్టాం.

డైటీషియన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నా ప్రశ్న సిద్ధంగా ఉంది. ఏ నూనె వాడాలి? మా ఇంట్లో ఉన్న నూనెలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుని పక్కన పెట్టి, "ముందు ఇలా నిలబడండి అమ్మా" అని టేపు తీసి నడుం కొలిచింది. 97 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్ళకు 80 దాటితేనే జాగ్రత్తపడాలని చెప్పింది. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ లెక్క కూడా అంతే, పాశ్చాత్య దేశాల్లో 30 దాటితే ఊబకాయం అంటారు, మనకు 25 నుంచే ఆ లెక్క. మనవాళ్ళు చూపుకు సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు ఎక్కువగా చేరడమే దీనికి కారణం.

ఆ రాత్రి మా అన్నయ్య కూతురు ఫోనులో చాలాసేపు విడమరిచి చెప్పింది. తను హైదరాబాద్‌లో ల్యాబులో పనిచేస్తుంది, ఏదైనా పేపరు చదివితే నాకు తెలుగులో చెప్పడం తనకు ఇష్టం.

"అత్తా, కొవ్వు అంటే ఊరికే మూటకట్టి పెట్టిన సరుకు అనుకోకు. అది పనిచేసే అవయవం. బరువు పెరిగేకొద్దీ కొవ్వు కణాలు ఉబ్బుతాయి. ఉబ్బి ఉబ్బి రక్తం సరిగా అందక కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వచ్చి చుట్టూ చేరతాయి. మైక్రోస్కోపులో చూస్తే చచ్చిన కణం చుట్టూ కిరీటం పెట్టినట్టు కనిపిస్తాయి, పేరు కూడా అలాగే పెట్టారు. ఆ కిరీటాలున్న చోట వాపు తగ్గదు. దెబ్బ తగిలినప్పుడు వచ్చే వాపు నాలుగు రోజుల్లో పోతుంది, ఇది నివురు గప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి ఉంటుంది."

ఆ రక్షక కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి, ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కూడా పెరుగుతుంది. ఇవి పక్కనున్న కొవ్వు కణజాలంలో ఆరోమటేజ్‌ను ఇంకా పెంచుతాయి. అంటే కొవ్వు ఎక్కువైతే ఎంజైమ్ ఎక్కువ కావడం ఒకటి, వాపు వల్ల అది మరింత చురుకు కావడం రెండోది. న్యూయార్క్‌లో వైల్ కార్నెల్‌కు చెందిన పరిశోధకులు 2011లో ఊబకాయం ఉన్న ఆడవాళ్ళ రొమ్ము కణజాలంలోనే ఈ కిరీటాలను, వాటితో పాటు పెరిగిన ఆరోమటేజ్‌ను చూపించారట. ఇన్సులిన్ పెరగడం, కొవ్వు కణాలు వదిలే హార్మోన్లలో లెప్టిన్ పెరగడం, మేలు చేసే అడిపోనెక్టిన్ తగ్గడం కూడా ఇదే కథలో భాగాలు. చూపుకు బరువు మామూలుగా ఉండి, ఒంట్లో కొవ్వు శాతం మాత్రం ఎక్కువగా ఉన్న మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళలోనూ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అందుకే "నేను లావు కాదు కదా" అనుకునేవాళ్ళు కూడా టేపు పెట్టి చూసుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. లావుగా ఉన్నవాళ్ళందరికీ ఈ జబ్బు రాదు, సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. నెలసరి ఆగకముందు లెక్క వేరు, ఆ వయసులో అధిక బరువుకూ రొమ్ము క్యాన్సర్‌కూ ఇలాంటి సంబంధం కనిపించదు. ముట్లుడిగిన తర్వాతే కనిపిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఒంటి కొవ్వు అదుపులో ఉంటే 13 రకాల క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందని తేల్చింది, అందులో మెనోపాజ్ తర్వాతి రొమ్ము క్యాన్సర్ ఒకటి. ముప్పు ఒకటి, నేరం ఒకటి. నాకు జబ్బు వచ్చింది కనుక నేను ఏదో తప్పు తిన్నానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఏ చెల్లెలూ ఒప్పుకోకూడదు.

మరి తినే కొవ్వు మాటేమిటి? దీని మీద నేను మేనకోడలిని బాగా విసిగించాను. తను చెప్పిన అధ్యయనాల్లో నాకు గుర్తుండిపోయినవి మూడు. అమెరికాలో 48,835 మంది మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొవ్వు బాగా తగ్గించిన ఆహారం నేర్పారు. సగటున ఎనిమిదేళ్ళు చూశాక 2006లో ఫలితం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ 9 శాతం తక్కువగా కనిపించింది, కానీ అది కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ తేడా చాలలేదు. అదే ఆడవాళ్ళను దాదాపు ఇరవై ఏళ్ళు గమనించాక మాత్రం ఆ గుంపులో రొమ్ము క్యాన్సర్ మరణాలు 21 శాతం తక్కువని తేలింది.

మిగతా రెండూ నాలాగా జబ్బు వచ్చి చికిత్స అయినవాళ్ళ మీద జరిగాయి. ఒకదానిలో 2,437 మంది. కొవ్వు తగ్గించి తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం 24 శాతం తగ్గింది. ఇంకోదానిలో 3,088 మంది. కూరగాయలు, పళ్ళు బాగా పెంచి, కొవ్వు తగ్గించమన్నారు. తేడా ఏమీ రాలేదు. ఎందుకిలా అని అడిగితే మా మేనకోడలు, "మొదటి దాంట్లో ఆడవాళ్ళ బరువు కొంచెం తగ్గింది అత్తా, రెండో దాంట్లో తగ్గలేదు. కారణం అదేనని రుజువు కాలేదు, కానీ ఆ తేడా మాత్రం కళ్ళ ముందుంది" అంది. నాకు ఆ మాట చాలింది. నూనె సీసా మీద పేరు చూస్తూ కూర్చోవడం కన్నా ఎంత పోస్తున్నానో చూడడం మేలనిపించింది. ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది క్యాలరీలే. గానుగ నూనె అయినా, ఆలివ్ నూనె అయినా ఇందులో మినహాయింపు లేదు.

అలాగని నూనెలన్నీ ఒకటే అనడం లేదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు, కొబ్బరి నూనెలో దాదాపు తొంభై శాతం. పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లం ల్యాబులో రక్షక కణాలను రెచ్చగొడుతుందని చూశారు. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకూ రక్తనాళాలకూ చేటు, 2022 నుంచి మన దేశంలో దాన్ని నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతానికి మించనివ్వకూడదని నియమం ఉంది. పొద్దుతిరుగుడు నూనె ఒంట్లో వాపు పెంచుతుందని ఫోనుల్లో తిరిగే మాటలు నేనూ విన్నాను, కానీ ఆ నూనెలో ఎక్కువగా ఉండే లినోలీయిక్ ఆమ్లాన్ని మనుషులకు పెంచి ఇచ్చిన పరీక్షల్లో వాపు గుర్తులు పెరగలేదు. ఆవనూనెలో ఒమేగా-3 జాతి కొవ్వు కొంత ఉంది, ఒడియా ఇరుగుపొరుగు దాని గురించి గొప్పగా చెప్పుకోవడంలో అర్థం ఉంది. చేపల్లో కవళ్ళు, కానగంతలు ఆ కొవ్వుకు పేరున్నవి, ఖరీదూ తక్కువ. గోపాల్‌పూర్ నుంచి వచ్చే చేపల గంపలో వంజరం కోసం వెతికే నేను ఇప్పుడు కవళ్ళు అడుగుతున్నాను. వేయించను, చింతపండు పులుసు పెడతాను.

సాయంత్రాలు బజారులో దొరికే ఆలూచాప్, బరా, పకోడీ మానేశాను. నూనె వృత్తిలో ఉన్నదాన్ని కనుక ఒకే నూనెను ఎన్నిసార్లు కాస్తే ఏమవుతుందో నాకు కళ్ళతో, ముక్కుతో తెలుసు. వాడిన నూనెలో, పదే పదే కాయడం వల్ల పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నియమం ఉంది, కానీ వీధి చివర మూకుడు దగ్గర ఎవరు కొలుస్తారు?

మా వంటింట్లో జరిగిన అసలు మార్పు ఒక చెంచా. నూనె సీసా వంచి పోయడం ఆపి, చెంచాతో కొలిచి పోయడం మొదలుపెట్టాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రెండు వేల క్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. బరువు తగ్గాలి కనుక నాకు డైటీషియన్ రోజుకు నాలుగు చెంచాలు రాసింది. పోపుకు ఒక చెంచా చాలదని మొదట్లో మా కోడలు గొడవపడింది. ఇనుప మూకుడు బాగా వేడెక్కాక పోస్తే ఆవాలు ఒక చెంచాలోనే చిటపటలాడతాయని తనే కనిపెట్టింది. వంకాయను వేయించే బదులు కాల్చి పచ్చడి, బెండకాయ పులుసు, పెసరపప్పుతో ఆకుకూరలు ఎక్కువ చేశాం. ఎండాకాలం రాత్రి పూట పఖాళ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, తినడం మా వీధిలో అందరికీ అలవాటే, నేనూ తింటాను, అన్నం సగానికి తగ్గించి పెరుగు, ఉల్లిపాయ, ఉడికించిన కూర పెంచుకున్నాను.

ఆవకాయ గురించి ప్రత్యేకంగా అడుగుతారు. ఆవకాయలో నూనె నేను తగ్గించలేదు, తగ్గించను కూడా. ముక్క నూనెలో మునగకపోతే బూజు పడుతుంది, ఆ సరుకు ఎవరికీ అమ్మలేను. పళ్ళెంలోకి వచ్చేది మాత్రం మారింది. జాడీ నుంచి తీసిన ముక్కను గరిటె అంచున ఆనించి నూనె వార్చి, ఒక్క ముక్క వేసుకుంటాను. పచ్చడితో అన్నమంతా కలుపుకోవడం పోయింది, పక్కన నంజుకోవడం ఉంది.

కదలిక సంగతి తిండి కన్నా కష్టమైంది. చంకలోని గ్రంథులు తీసేశారు కనుక ఎడమ చేయి వాచిపోతుందని భయపడి జాడీ ఎత్తడం పూర్తిగా మానేశాను. పద్ధతిగా, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ ఎత్తితే చేతి వాపు పెరగదని 2009లోనే ఒక పరీక్ష చూపించిందని ఫిజియోథెరపిస్టు చెప్పి, అర కిలో నుంచి మొదలుపెట్టించింది. లెట్రోజోల్ వల్ల నాకు వేళ్ళు, మోకాళ్ళు పొద్దున్నే బిగుసుకుపోయేవి. ఈ నొప్పులకే చాలామంది మాత్ర మధ్యలో మానేస్తారని డాక్టరుగారు హెచ్చరించారు. నడక, బరువుల వ్యాయామం కలిపి చేసినవాళ్ళకు ఈ కీళ్ళ నొప్పి తగ్గిందని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనం 2015లో వచ్చింది. నా విషయంలో అది నిజమైంది. మొదటి నెలలో ఏమీ తెలియలేదు, తర్వాత పొద్దున్న పిడికిలి బిగించడం తేలికైంది. ఇప్పుడు అప్పడాల పిండి నేనే దంచుతున్నాను.

నడుం ఇప్పుడు 90 సెంటీమీటర్ల లోపు ఉంది. 80 చేరలేదు, చేరతానో లేదో కూడా తెలియదు. బరువులో పదో వంతు తగ్గింది. సీఆర్‌పీ అనే వాపు సూచిక, పరగడుపు ఇన్సులిన్ రెండూ దిగాయి. ఈ అంకెలు దిగాయి కనుక జబ్బు తిరిగి రాదని డాక్టరుగారు చెప్పలేదు, నేనూ అడగలేదు. రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది, మెట్లు ఎక్కుతున్నాను, మాత్ర మానకుండా వేసుకోగలుగుతున్నాను. ఈ మూడూ నా చేతికి అందిన ఫలితాలు.

పచ్చడి కొనడానికి వచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు నన్ను అడిగేది కూడా అదే ప్రశ్న, ఏ నూనె మంచిదని. నేను జవాబు చెప్పి ఊరుకోను. నెలసరి ఆగిందా, నడుం ఎంత, ఎప్పుడైనా మామోగ్రామ్ చేయించుకున్నారా అని అడుగుతాను. కొందరికి నచ్చదు. ఎదురింటి ఒడియా ఆవిడ మాత్రం వెంటనే జాకెట్లు కుట్టే టేపు తెప్పించి నా ముందే కొలుచుకుంది, ఆమె మామోగ్రామ్‌కు తోడు వెళ్ళింది నేనే. రిపోర్టు బాగానే ఉంది. లెట్రోజోల్ వాడేవాళ్ళకు ఎముకలు గుల్లబారే అవకాశం ఎక్కువ కనుక నాకు వచ్చే నెల ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ ఉంది. మాత్ర రాసి స్కాన్ మాట ఎత్తని డాక్టరు దగ్గర ఉన్నవాళ్ళు, కాల్షియం, విటమిన్ డి సంగతితో పాటు అది కూడా అడిగి రాయించుకోండి.